ధూమపానం – శరీరమనే అమానతుకు కలిగే హాని

శరీరం మనిషి సొంత ఆస్తి కాదనీ, అల్లాహ్ అతనికి కొంతకాలం కోసం అప్పగించిన అమానతు అనీ ఇస్లాం బోధిస్తున్నది. అమానతును కాపాడవలసిన బాధ్యత అది ఎవరి చేతిలో ఉన్నదో వారిది. తిరిగి అప్పగించేనాడు దానిని ఎలా వాడుకున్నావని ప్రశ్న వస్తుంది. మనిషి తన చేతులారా తనను నాశనంలోకి నెట్టుకోరాదని దివ్య ఖుర్ఆన్ రెండవ సూరా 195వ ఆయతులో హెచ్చరిక ఉన్నది. తనకు హాని చేసుకోవడం గాని, ఇతరులకు హాని చేయడం గాని తగదన్న ప్రవక్త (స) ఉపదేశం హదీసు గ్రంథాలలో ఉన్నది. ఫిఖ్హ్ పండితులు ఈ ఉపదేశాన్ని ఒక మూలసూత్రంగా తీసుకొని, దాని ఆధారంగా ఎన్నో తీర్పులు చెప్పారు.

ఈ సూత్రాన్ని కాదనే ముస్లిం లేడు. అయినా తెనాలిలోగాని, బాపట్లలోగాని, రేపల్లెలోగాని రంజాను మాసంలో ఒక సాయంత్రం మసీదు దగ్గర నిలబడితే ఒక దృశ్యం కనిపిస్తుంది. ఖర్జూరంతో ఉపవాసం విరమించి, మగ్రిబ్ నమాజు చేసుకొని బయటికి వచ్చినవారిలో కొందరు ఇంటికి పోకముందే వీధి మలుపులోని కిళ్ళీకొట్టు దగ్గర ఆగుతారు. సుమారు 13 గంటలు నీళ్ళు సైతం ముట్టకుండా నిగ్రహం చూపినవారు అగ్గిపుల్ల వెలిగిన క్షణంలో ఆ నిగ్రహాన్ని వదిలేస్తారు. వారిని అడిగితే వచ్చే జవాబు సాధారణంగా ఒకటే: "ఇన్నేళ్ళుగా తాగుతున్నాను, నాకేమీ కాలేదు కదా!"

ఈ జవాబు నిజమేనా అన్నది ఈ వ్యాసంలో పరిశీలిస్తున్నాము. దగ్గు, ఆయాసం, గుండెనొప్పి వంటి లక్షణం ఏదీ లేని పొగతాగేవాని నెత్తురులోను, మూత్రంలోను హాని అప్పటికే కనిపిస్తుందనీ, దానిని కొలవవచ్చుననీ గత నలభై సంవత్సరాల పరిశోధనలు చూపించాయి. ఆ హానిలో కొంత భాగం పొగ మానిన నాలుగు వారాలలోనే తగ్గుముఖం పడుతుందని కూడా అవే పరిశోధనలు చూపించాయి. నాలుగు వారాలు అంటే దాదాపు ఒక రంజాను మాసం. ముస్లిం పాఠకుడు ఈ రెండు విషయాలనూ కలిపి ఆలోచించవలసి ఉన్నది.

పొగాకు – మన ప్రాంతం

పొగాకు గురించి గుంటూరు ప్రాంతంలో మాట్లాడడం పరాయి వస్తువును గురించి మాట్లాడడం కాదు. 1920 ప్రాంతంలో గుంటూరు జిల్లా నల్లరేగడి నేలల్లో వర్జీనియా పొగాకు సాగు మొదలైంది. 1947లో రాజమండ్రిలో కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ ఏర్పడింది. 1976లో ఏర్పడిన పొగాకు బోర్డు తన ప్రధాన కార్యాలయాన్ని గుంటూరులోనే పెట్టుకున్నది. బాపట్ల పక్కనున్న చీరాలలో ఆకు గ్రేడింగు, ప్యాకింగు పనుల మీద తరాల తరబడి కుటుంబాలు బతికాయి. రైతు, కూలీ, బ్యారను కాపలాదారు, వేలంపాటలో వ్యాపారి – అందరి చేతులకూ ఆ ఆకు వాసన అంటింది. అందువల్ల "ఇది మనకు అన్నం పెట్టే పంట" అన్న మాట ఇక్కడ తరచుగా వినిపిస్తుంది. ఆ మాటను గురించి చివర చెప్పుకుందాము.

తెలుగుదేశంలో పొగ తాగే పద్ధతులు కూడా పలు విధాలు. చుట్ట, బీడీ, సిగరెట్టు, కొన్ని చోట్ల హుక్కా. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతపు పల్లెల్లో నిప్పు ఉన్న కొసను నోటిలోనికి పెట్టుకొని చుట్ట తాగే "అడ్డపొగ" అలవాటు, ముఖ్యంగా స్త్రీలలో, చాలాకాలంగా ఉన్నది. ఆ అలవాటుకూ అంగుట్లో వచ్చే కేన్సరుకూ గల సంబంధాన్ని ఆంధ్ర వైద్యులు 1950లలోనే ఎత్తి చూపారు. 1971లో ప్రచురితమైన ఒక పెద్ద సర్వేలో 10,169 మంది గ్రామీణుల నోళ్ళు పరీక్షించారు. వారిలో దాదాపు 44 శాతం మంది అడ్డపొగ తాగేవారు. పొగ తాకిన చోట దేహం ఎలా మారుతుందో ప్రపంచానికి తెలిపిన ప్రసిద్ధ పరిశోధనలలో ఒకటి ఈ విధంగా మన రాష్ట్రం నుంచే వెలువడింది.

ఇప్పటి సంగతి చూస్తే, 2016–17లో జరిగిన జాతీయ వయోజన పొగాకు సర్వే ప్రకారం దేశం మొత్తంమీద వయోజనులలో పొగ తాగేవారు 10.7 శాతం కాగా, ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 14 శాతం. దేశంలో ఎక్కువమంది పొగాకును నములుతారు. మన వద్ద తాగేవారే ఎక్కువ. కాబట్టి పొగవల్ల నెత్తురుకు, జీవకణానికి కలిగే హాని మనకు దగ్గరి విషయం.

ఉలమాల చర్చ

పొగాకు అమెరికా ఖండం నుంచి వచ్చిన మొక్క. ప్రవక్త (స) కాలంలోగాని, నలుగురు ఇమాముల కాలంలోగాని ముస్లిం దేశాలలో అది లేదు. కనుక ఖుర్ఆన్‌లోను, హదీసులోను దాని పేరు ఉండదు. దక్కను లోని బీజాపూరు నుంచి తిరిగివచ్చిన అసద్ బేగ్ 1604 ప్రాంతంలో అక్బరు పాదుషాకు హుక్కాను, పొగాకును సమర్పించాడనీ, ఇది పరీక్షింపబడని కొత్త వస్తువని ఆస్థాన హకీము అభ్యంతరం చెప్పాడనీ చరిత్ర చెబుతున్నది. జహాంగీరు 1617లో ధూమపానాన్ని నిషేధించాడు. ఉస్మానియా సుల్తాను నాలుగవ మురాద్ 1633లో కఠిన శిక్షలతో నిషేధించాడు. రెండు నిషేధాలూ నిలవలేదు.

పండితులు కూడా భిన్నాభిప్రాయాలు వెలిబుచ్చారు. దమస్కుకు చెందిన అబ్దుల్ గనీ నాబుల్సీ (1641–1731) వంటివారు దీనిని ముబాహ్, అంటే అనుమతించదగినది అన్నారు. మరికొందరు హరామ్ అన్నారు. మన ఉపఖండపు హనఫీ ఉలమాలలో అనేకులు మక్రూహ్ అన్నారు. పచ్చి వెల్లుల్లి, ఉల్లి తిని ఆ వాసనతో మసీదుకు రావద్దన్న ప్రవక్త (స) ఆదేశాన్ని పొగ వాసనకు అన్వయించి చెప్పారు.

ఈ భేదం ఎక్కడినుంచి వచ్చిందో గమనించాలి. హాని చేసే వస్తువును హాని తెలిసి వాడవచ్చునని ఏ పండితుడూ అనలేదు. ముబాహ్ అన్నవారు "దీనిలో హాని రుజువు కాలేదు" అన్న ఆధారం మీద అన్నారు. వారికి తెలిసిన వైద్యం అంతవరకే. అంటే తీర్పుకు మూలకారణం, ఫిఖ్హ్ పరిభాషలో ఇల్లత్, హాని అన్నదే. హాని రుజువైన కొలది తీర్పు కూడా ఆ దిశగా కదలవలసి ఉంటుంది. ఇరవయ్యవ శతాబ్దపు ద్వితీయార్ధంలో అరబ్బు దేశాల ముఫ్తీలలో పలువురు ధూమపానం హరామ్ అని ఫత్వా ఇవ్వడానికి కారణం ఇదే. అందువల్ల ఆ హాని ఏమిటో తెలుసుకోవడం వైద్యునికే పరిమితమైన పని కాదు. దీనీ విషయంలో నిర్ణయం తీసుకోగోరే ప్రతి ముస్లింకూ అది అవసరం.

పొగలో ఏమున్నది?

కాలుతున్న పొగాకు పొగలో 7,000కు పైగా రసాయనాలు గుర్తింపబడ్డాయి. వాటిలో సుమారు 70 కేన్సరు కలిగించేవి. నికోటిన్ అలవాటుకు బానిసను చేస్తుంది. కార్బన్ మోనాక్సైడ్ ఎర్రరక్తకణాలలో ప్రాణవాయువు కూర్చోవలసిన చోట తాను కూర్చుంటుంది. తారు ఊపిరితిత్తులకు అంటుకుంటుంది.

ఇవి చాలామంది విన్నవే. తక్కువమంది విన్నది ఫ్రీ రాడికల్స్ సంగతి. అణువులలో ఎలక్ట్రాన్లు సాధారణంగా జంటలుగా ఉంటాయి. జంట తప్పిన ఎలక్ట్రాను గల అణువు స్థిమితంగా ఉండలేదు. పక్కనున్న అణువు నుంచి ఒక ఎలక్ట్రానును లాక్కుంటుంది. పోగొట్టుకున్న అణువు మరొకదాని మీద పడుతుంది. ఈ విధంగా గొలుసుకట్టుగా హాని సాగుతుంది. ఇనుము తుప్పుపట్టడం, నిలవ ఉన్న నూనె చిక్కు వాసన వేయడం ఇటువంటి ఆక్సీకరణ వల్లనే. ఒక్క దమ్ము పొగలో ఉండే ఫ్రీ రాడికల్స్ సంఖ్య, కోటిని కోటితో హెచ్చవేస్తే వచ్చేటంత ఉంటుందని అమెరికా శాస్త్రజ్ఞులు 1980లలో లెక్కకట్టారు.

అల్లాహ్ మన దేహంలో దీనికి తగిన రక్షణను కూడా ఏర్పరచాడు. కొన్ని ఎంజైములు, సి విటమిను, ఇ విటమిను మొదలైనవి ఈ రాడికల్స్‌ను చల్లారుస్తాయి. మనం శ్వాసించే ప్రాణవాయువు నుంచి కూడా ఇవి నిత్యం కొద్దిగా పుడుతూనే ఉంటాయి కనుక ఆ రక్షణ అవసరం. పొగతాగేవానిలో దాడి ఎక్కువై రక్షణ చాలకపోతుంది. అతని నెత్తురులో సి విటమిను ఇతరులకన్న తక్కువగా ఉంటుంది. అందుకే పొగతాగేవారికి రోజుకు 35 మిల్లీగ్రాముల సి విటమిను అదనంగా కావాలని అమెరికా పోషకాహార నిపుణులు 2000లో నిర్ణయించారు.

జీవకణంలోని హాని

ప్రతి జీవకణంలోను డి.ఎన్.ఎ. అనే పొడవైన అణువు ఉన్నది. కణం ఎలా పనిచేయాలి, ఎప్పుడు విభజన చెందాలి, ఎప్పుడు ఆగాలి అన్న ఆదేశాలన్నీ నాలుగు రసాయన అక్షరాలతో అందులో రాసి ఉంటాయి. అవి ఎడెనైన్, గ్వానైన్, సైటొసైన్, థైమిన్. ఎడెనైన్ ఎదుట థైమిన్, గ్వానైన్ ఎదుట సైటొసైన్ – ఇదీ దాని నియమం.

ఈ నాలుగింటిలో ఆక్సీకరణకు సులభంగా లొంగేది గ్వానైన్. ఫ్రీ రాడికల్ దెబ్బ తగిలినప్పుడు అది 8-ఆక్సోగ్వానైన్‌గా మారుతుంది. 1984లో జపాను శాస్త్రజ్ఞులు కసాయి, నిషిమురాలు ఈ మార్పును గుర్తించి లోకానికి తెలియజేశారు. మారిన గ్వానైన్ తన నియమం తప్పుతుంది. కణం విభజన చెందేటప్పుడు సైటొసైన్‌ను పిలవవలసినది, ఒక్కొక్కసారి ఎడెనైన్‌ను పిలుస్తుంది. ఒక గ్రంథానికి నకలు రాసే కాతిబు ఒక అక్షరానికి బదులు మరొక అక్షరం రాసినట్లు తప్పు ప్రతిలోకి ఎక్కుతుంది. తరువాతి ప్రతులన్నీ ఆ తప్పు ప్రతిని చూసి రాసినవే అవుతాయి. దీనినే ఉత్పరివర్తనం అంటారు.

కణంలో తప్పులు దిద్దే ఎంజైములు కూడా ఉన్నాయి. చెడిన గ్వానైన్‌ను అవి కత్తిరించి బయట పడవేస్తాయి. అది నెత్తురు ద్వారా మూత్రంలోకి పోతుంది. కాబట్టి మూత్రంలో అది ఎంత ఉన్నదో కొలిస్తే, దేహం మొత్తంమీద డి.ఎన్.ఎ.కు ఆక్సీకరణ హాని ఏ వేగంతో జరుగుతున్నదో అంచనా తెలుస్తుంది. 1992లో డెన్మార్కులో ఆరోగ్యవంతులను పరీక్షించినప్పుడు, పొగతాగేవారి మూత్రంలో ఈ పదార్థం తాగనివారికన్న సుమారు 50 శాతం ఎక్కువగా ఉన్నట్లు తేలింది. వారు రోగులు కారు. "నాకేమీ కాలేదు" అనగలిగినవారే. ఇది మన ఊరి లేబరేటరీలలో సాధారణంగా చేసే పరీక్ష కాదు, పరిశోధనలలో వాడేది. కాని అది చూపిన విషయం అందరికీ వర్తిస్తుంది.

పొగ డి.ఎన్.ఎ.కు చేసే హాని అంతా ఆక్సీకరణ వల్లనే కాదు. తారులోని బెంజోపైరీన్ వంటి పదార్థాలు నేరుగా గ్వానైన్‌కు అతుక్కొని దానిని వికృతం చేస్తాయి. కేన్సరును అదుపులో పెట్టే పి-53 అనే జన్యువులో, ఊపిరితిత్తుల కేన్సరు రోగులలో తరచుగా దెబ్బతినే చోట్లనే ఈ పదార్థం అతుక్కుంటుందని 1996లో కనుగొన్నారు. అన్ని విధాల హానినీ కలిపి లెక్కిస్తే, రోజుకు ఒక పెట్టె సిగరెట్ల చొప్పున ఒక్క సంవత్సరం తాగినవాని ఊపిరితిత్తులలో ప్రతి కణంలోను సగటున 150 ఉత్పరివర్తనాలు చేరుతాయని 2016లో ప్రచురితమైన పరిశోధన తెలిపింది. వీటిలో చాలావాటి వల్ల ఏమీ కాకపోవచ్చు. కాని కణాన్ని అదుపులో పెట్టే జన్యువు మీద సరిగ్గా పడినది ఒక్కటి చాలు. ఇరవై ఏళ్ళు తాగినవాడు ఇరవై ఏళ్ళుగా ఆ పందెం కాస్తున్నాడన్నమాట. జూదం హరామ్ అని మనకు తెలుసు.

రక్తంలోని కొవ్వులు

కేన్సరు కంటే ముందు, కేన్సరు కంటే ఎక్కువమందిని, గుండెజబ్బు తీసుకొని పోతున్నది. మనకు పొరుగున ఉన్న గోదావరి డెల్టాలో 45 గ్రామాలలో 2003–04లో సంభవించిన మరణాలను పరిశీలించగా, వాటిలో 32 శాతానికి కారణం గుండె, రక్తనాళాల జబ్బులే అని తేలింది. పట్నవాసుల జబ్బు అనుకున్నది పల్లెలలోనే మొదటి స్థానంలో ఉన్నది.

ఇక్కడ కొవ్వుల పాత్ర ఏమిటి? కొవ్వు నీటిలో కరగదు కనుక నెత్తురులో ప్రొటీను పొట్లాలలో కట్టబడి ప్రయాణం చేస్తుంది. ఎల్.డి.ఎల్. అనే పొట్లం కొలెస్టరాలును ధమనుల వైపు మోసుకొనిపోతుంది. హెచ్.డి.ఎల్. అనేది అక్కడ మిగిలిన కొలెస్టరాలును తిరిగి కాలేయానికి చేరుస్తుంది. ట్రైగ్లిజరైడ్లు కాలేయం తయారుచేసే వి.ఎల్.డి.ఎల్. పొట్లాలలో ఎక్కువగా ఉంటాయి.

నికోటిన్ ఎడ్రినలిన్ వంటి హార్మోన్లను ఎగదోస్తుంది. అవి కొవ్వు నిలవలను కరిగించి కొవ్వు ఆమ్లాలను నెత్తురులోకి వదులుతాయి. కాలేయం వాటిని పట్టుకొని వి.ఎల్.డి.ఎల్. ఎక్కువగా తయారుచేస్తుంది, ట్రైగ్లిజరైడ్లు పెరుగుతాయి. హెచ్.డి.ఎల్. తయారుకావడానికి కావలసిన ఎంజైము పొగవల్ల మందగిస్తుంది. 1989లో బ్రిటిష్ వైద్యపత్రికలో 54 అధ్యయనాలను కలిపి లెక్కకట్టిన వ్యాసం వెలువడింది. పొగతాగేవారిలో మొత్తం కొలెస్టరాలు 3 శాతం, ట్రైగ్లిజరైడ్లు 9.1 శాతం, ఎల్.డి.ఎల్. 1.7 శాతం ఎక్కువగాను, హెచ్.డి.ఎల్. 5.7 శాతం తక్కువగాను ఉన్నట్లు అందులో తేలింది.

ఈ అంకెలు చిన్నవిగా కనిపిస్తాయి. హెచ్.డి.ఎల్. 40 ఉండవలసినవానికి 38కి కొంచెం తక్కువ ఉంటుంది, అంతే. కాని రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. మొదటిది, భారతీయులలో హెచ్.డి.ఎల్. అసలే తక్కువ. మూడు రాష్ట్రాలలోను, చండీగఢ్‌లోను భారత వైద్య పరిశోధన మండలి జరిపిన అధ్యయనంలో 72 శాతం మందికి అది తక్కువగా ఉన్నట్లు 2014లో ప్రకటించారు. ఉన్న కొంచెంలోనే పొగ మరికొంత తీసుకొనిపోతున్నది.

రెండవది మరింత ముఖ్యమైనది. ఎల్.డి.ఎల్. ఎంత ఉన్నది అన్నది ఒక్కటే ప్రశ్న కాదు. అది ఏ స్థితిలో ఉన్నది అన్నది కూడా చూడాలి. డి.ఎన్.ఎ.ను చెడగొట్టే ఆ ఫ్రీ రాడికల్సే ఎల్.డి.ఎల్.లోని కొవ్వును కూడా ఆక్సీకరిస్తాయి. చెడిన ఎల్.డి.ఎల్.ను ధమని గోడలోని రక్షకకణాలు శత్రువుగా భావించి మింగుతాయి. మింగి మింగి కొవ్వుతో ఉబ్బి, నురుగు నిండినట్లు కనిపించే కణాలుగా మారి అక్కడే పడిపోతాయి. ధమని గోడలో పొర మందమవుతుంది. ఒకనాడు అది పగిలి రక్తం గడ్డకట్టి దారి మూసుకుంటుంది. దానినే గుండెపోటు అంటున్నాము. అందువల్ల రక్తపరీక్ష కాగితంలో కొలెస్టరాలు సరిగానే ఉన్నదని పొగతాగేవాడు ధైర్యపడడానికి లేదు. ఆ కాగితం కొవ్వు ఎంత ఉన్నదో చెబుతుంది గాని, ఎంత చెడిందో చెప్పదు.

52 దేశాలలో జరిగి 2004లో వెలువడిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో గుండెపోటుకు రెండు పెద్ద కారణాలుగా తేలినవి రక్తంలోని కొవ్వుల అస్తవ్యస్తత, ధూమపానం. అదే అధ్యయనంలో బీడీ తాగేవారికి గూడా తాగనివారికన్న ప్రమాదం దాదాపు మూడు రెట్లు ఉన్నట్లు కనబడింది. బీడీలో పొగాకు తక్కువ కదా అన్న వాదన దీనితో పోయింది. మరొక అంశం: దక్షిణాసియా వాసులకు మొదటి గుండెపోటు వచ్చే మధ్యస్థ వయస్సు 53 సంవత్సరాలు, ఇతర దేశాలవారికి సుమారు 59. మన ఇండ్లలో ఆ వయస్సు అంటే ఆడపిల్ల పెళ్ళి, కొడుకు చదువు తెమలని వయస్సు.

"రెండే కదా!"

రంజానులో చాలామంది పొగ తగ్గిస్తారు. పగలంతా లేదు, ఇఫ్తార్ తరువాత ఒకటి, తరావీహ్ తరువాత ఒకటి. పది నుంచి రెండుకు దిగాము, చాలదా అంటారు. గుండె విషయంలో చాలదు. 2018లో ప్రచురితమైన ఒక విస్తృత పరిశీలన ప్రకారం, రోజుకు 20 సిగరెట్లు తాగేవానికి గుండెజబ్బు విషయంలో ఎంత అదనపు ప్రమాదం ఉన్నదో, రోజుకు ఒకటే తాగేవానికి దానిలో సుమారు సగం ఉన్నది. ఇరవైలో ఒకటి తాగితే ఇరవయ్యో వంతు ప్రమాదం అనుకోవడం పొరపాటు. ధమని గోడ చిన్న మోతాదుకే దెబ్బతింటుంది.

మరికొందరు విటమిను మాత్రలతో సరిచేసుకోవచ్చునని తలుస్తారు. ఫిన్లండులో 29,133 మంది పొగతాగే పురుషులతో జరిగి 1994లో ఫలితాలు వెలువడిన ప్రయోగంలో బీటా-కెరోటిన్ మాత్రలు మింగినవారికి ఊపిరితిత్తుల కేన్సరు తగ్గకపోగా 18 శాతం పెరిగింది. తెనాలి మార్కెట్టు నిమ్మకాయ, జామపండు, ఉసిరిక తినడం అందరికీ మంచిదే. కాని అవి పొగకు విరుగుడు కావు. పొగకు విరుగుడు పొగ మానడమే.

నాలుగు వారాలు

ఉపవాసి శరీరంలో ఏమి జరుగుతుందో చూద్దాము. నికోటిన్ నెత్తురులో సుమారు రెండు గంటలకు సగమవుతుంది. సహరీ సమయంలో తాగినది అసర్ వేళకు నామమాత్రంగా మిగులుతుంది. ఆ వేళ చిరాకు, తలనొప్పి, తోటివారి మీద విసుగు దానివల్లనే. ఆకలివల్ల మాత్రమే కాదు. కార్బన్ మోనాక్సైడ్ నాలుగైదు గంటలకు సగమవుతుంది. అంటే 13 గంటల ఉపవాసం ముగిసేసరికి పొద్దుట ఉన్నదానిలో ఎనిమిదో వంతుకు దిగుతుంది. మగ్రిబ్ అజాను వినబడే సమయానికి నెత్తురు ఆ విషం నుంచి చాలావరకు శుభ్రపడి ఉంటుంది. ఇఫ్తార్ తరువాత తాగే మొదటి సిగరెట్టు ఆ శుభ్రతను భగ్నం చేస్తుంది.

ఆ ఒక్కటీ తాగకపోతే? అలవాటు మానినప్పటి బాధ మొదటి మూడు నాలుగు రోజులలో తీవ్రంగా ఉండి, రెండు నుంచి నాలుగు వారాలలో సద్దుమణుగుతుంది. రంజాను 29 లేక 30 రోజులు. మొదటి అష్రా గడిచేసరికి కష్టమైన భాగం గడిచినట్లే. 1998లో డెన్మార్కు పరిశోధకులు పొగతాగేవారిని రెండు వర్గాలుగా చేసి, ఒక వర్గంచేత నాలుగు వారాలు మాన్పించారు. మానినవారి మూత్రంలో చెడిన గ్వానైన్ దాదాపు ఐదో వంతు తగ్గింది. హెచ్.డి.ఎల్. కూడా పొగ మానిన కొద్ది వారాలలో పెరగడం మొదలవుతుంది. తొమ్మిది వందల పైచిలుకు మందిని ఒక సంవత్సరం గమనించిన అమెరికా అధ్యయనంలో (2011) మానినవారు బరువు పెరిగినప్పటికీ వారి హెచ్.డి.ఎల్. సగటున 2.4 మిల్లీగ్రాములు పెరిగింది. పొగ తీసుకొనిపోయినది దాదాపు అంతే తిరిగివచ్చిందని చెప్పవచ్చు. అయితే సిగరెట్టుకు బదులు సమోసాలు, బజ్జీలు, షర్బత్తులు ఎక్కువచేసుకుంటే ట్రైగ్లిజరైడ్లు మరొక దారిన పెరుగుతాయని మరువరాదు.

నిజం మొత్తంగా చెప్పాలి. డి.ఎన్.ఎ.లో ఒకసారి స్థిరపడిన తప్పు అక్షరం నాలుగు వారాలలో పోదు. ఆ కణం బతికినంత కాలం ఉంటుంది. కాని ఇందులో కూడా ఆశ లేకపోలేదు. 2020లో వెలువడిన ఒక పరిశోధనలో, పొగ మానినవారి శ్వాసనాళాలలో దాదాపు పొగతాగనివారి కణాలను పోలిన కణాలు, ఇంకా తాగుతున్నవారికన్న నాలుగు రెట్లు ఎక్కువగా కనిపించాయి. కొందరిలో అవి మొత్తం కణాలలో 40 శాతం వరకు ఉన్నాయి. దెబ్బతినకుండా దాగి ఉన్న కొన్ని కణాలు, పొగ ఆగగానే వృద్ధిచెంది చెడినవాటి స్థానాన్ని ఆక్రమిస్తాయని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. గుండెజబ్బు అదనపు ప్రమాదం ఒక సంవత్సరంలో సుమారు సగానికి పడిపోతుంది. తౌబా ద్వారం ఆఖరు వరకు తెరిచి ఉంటుందని మనం నమ్ముతాము. అల్లాహ్ దేహంలో కూడా ఒక ద్వారాన్ని ఎంతో కాలం తెరిచి ఉంచాడు. ఎంత తొందరగా వెళితే అంత మేలు.

మానదలచినవారు షాబాన్ మాసంలోనే తేదీ నిశ్చయించుకొని ఇంటివారికి చెప్పడం మంచిది. ఇఫ్తార్ తరువాత కిళ్ళీకొట్టు లేని దారిన ఇంటికి పోవాలి. కోరిక పుట్టినప్పుడు అది కొద్ది నిమిషాలలో తగ్గుతుందని గుర్తుంచుకొని మిస్వాక్, నీళ్ళు, జిక్ర్ ఆశ్రయించాలి. తట్టుకోలేనివారు వైద్యుని సలహాతో నికోటిన్ చూయింగ్‌గమ్ రాత్రివేళ మాత్రమే వాడవచ్చు. పగలు నమిలితే ఉపవాసం భంగమవుతుంది. 1800112356 అనే ప్రభుత్వ ఉచిత ఫోను ద్వారా సలహా దొరుకుతుంది. గుండెజబ్బు, మధుమేహం ఉన్నవారు ఉపవాసం విషయంలో ముందుగా వైద్యుని అడగాలి.

జీవనోపాధి మాట

పొగాకు మన ప్రాంతానికి అన్నం పెట్టింది కదా అన్న మాటకు వద్దాము. పెట్టింది; కాదనరాదు. మద్యం, జూదాల గురించి రెండవ సూరా 219వ ఆయతు కూడా వాటిలో ప్రజలకు కొంత లాభం ఉన్నదని ఒప్పుకొని, పాపం లాభం కన్న పెద్దదని నిర్ణయించింది. లాభం ఉన్నదా లేదా అని కాక, హాని దానిని మించిందా లేదా అని అడగడం ఖుర్ఆన్ నేర్పిన పద్ధతి. పైన చెప్పిన లెక్కలు ఆ ప్రశ్నకు జవాబు ఇస్తున్నవి. పంట మార్చుకోవడం ఒక్క రైతు వల్ల అయ్యే పని కాదు. దానికి ప్రభుత్వం, మార్కెట్టు కలిసిరావాలి. కాని మసీదు నుంచి బయటికి వచ్చినవాడు ఏ వైపు అడుగువేయాలో నిర్ణయించుకోవడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.

హాని తాగేవానితో ఆగదు. అతని పొగనే భార్య, బిడ్డలు, పక్కన కూర్చున్న వృద్ధుడు పీలుస్తున్నారు. తనకు గాని, పరులకు గాని హాని కూడదన్న ప్రవక్త (స) ఉపదేశంలోని రెండు భాగాలూ ఒక్క సిగరెట్టుతో ఉల్లంఘింపబడుతున్నవి. పూర్వపు ఉలమాలు తమకు తెలిసినంతలో న్యాయంగానే పలికారు. వారికి తెలియనిది మనకు తెలిసింది. తెలిసినదాని గురించి మనం జవాబు చెప్పుకోవలసి ఉంటుంది. రాబోయే రంజానులో ఉపవాసం విరమించే చేయి ఖర్జూరం దగ్గరనే ఆగేటట్లు అల్లాహ్ మనకు శక్తిని ప్రసాదించుగాక! ఆమీన్.